నాలుగో బొమ్మ

శివరామ్‌కి రోత పుట్టని వస్తువు ఈ మద్రాసులో ఏదీ లేదు. బస్సులో పట్టుకునే కడ్డీ రోత, హోటల్లో తడారని గ్లాసు రోత, లోకల్ ట్రైనులో పక్కన కూర్చున్నవాడి చెమట రోత. ఆ గుణం ఊరికే రాలేదు. ప్యారిస్ కార్నర్ వెనక సందులో నాలుగు తరాలుగా పసుపూ మిరపకాయలూ టోకున అమ్ముకుంటున్న ఇల్లు వాళ్లది. వాళ్లమ్మ కోకిల పాల ప్యాకెట్టుని కూడా సబ్బుతో కడిగిగానీ వంటింటి గడప దాటనివ్వదు. అలాంటి ఇంట్లో పుట్టి, ఫార్మసీలో పెద్ద చదువు చదివి, ఇరవై తొమ్మిదేళ్లకి అతను సంపాదించిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, ఊళ్లోవాళ్లు మోషన్‌కి ఎలా వెళ్లారో రాసి పెట్టడం.

కోడంబాక్కంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ పేగు జబ్బుకి ఒక మందుల కంపెనీవాళ్ల కొత్త మాత్రని మనుషుల మీద పరీక్షిస్తున్నారు. తిన్నది ఇమడక రోజుకి ఆరేడుసార్లు పరుగులు పెట్టే జనం ఉంటారు చూడండి, వాళ్ల కోసం. కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది ఇస్తున్నారో డాక్టరుకి కూడా తెలియదు. ముప్పై తొమ్మిది మంది పేషెంట్లు. వాళ్ల లెక్కలన్నీ చూసుకునే కోఆర్డినేటర్ మన శివరామ్.

సాయంత్రం ఇంటికి వెళితే కోకిల పెరటి తలుపు దగ్గరే ఆపేసేది.

"ఆడనే ఇప్పురా ఆ చొక్కా. లోపలికి తేవద్దు. ఏం ఉద్యోగంరా నీది, పదిమందికి చెప్పుకొనేదానికి లేదు."

"పేపరు పనే గదమ్మా. నేనేం చేత్తో ముట్టుకొంటా ఉండానా?"

"ముట్టుకోకపోతే మాత్రం? చూస్తా ఉండావు గదా."

చూడటం కూడా మైలేనని ఆమె నమ్మకం. అతనిదీ అదే. కాకపోతే ఎం.ఫార్మసీ చదివినవాడు కాబట్టి పైకి అనడు.

చెల్లమ్మ ఆ ట్రయల్లో చేరడానికి వచ్చిన రోజు అతనికి బాగా గుర్తు. వ్యాసర్పాడిలో రైల్వే యార్డు పక్కన ఉంటుంది. అరవై దాటింది. సన్నగా, నల్లగా, ఇస్త్రీ చేసిన నేత చీరలో వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. డాక్టర్ శేషాద్రి మనిషి మంచివాడు, ఓపికగా చెబుతాడు. చెప్పేటప్పుడు చేతులు కూడా వాడతాడు.

"ఇదో చూడమ్మా, సెరొటోనిన్ అని ఒకటి ఉండాది. అందరూ అది మెదడులో ఉంటాదనుకుంటారు. ఒంట్లో ఉండేదాంట్లో నూటికి తొంభై వంతులు కడుపులోనే ఉండాది. దానికి పేగు గోడల్లో రిసెప్టర్లని ఉంటాయి, మన వాకిలికి కాలింగ్ బెల్లు మాదిరి. సెరొటోనిన్ వచ్చి నొక్కితే పేగు కదులుతాది. నీ పేగులో ఆ బెల్లు అయినదానికీ కానిదానికీ మోగతానే ఉండాది. ఈ మాత్ర పోయి బెల్లుకి చెయ్యి అడ్డం పెడతాది. అంతే."

చెల్లమ్మ శ్రద్ధగా విని, ఒక ప్రశ్న అడిగింది.

"అట్లయితే నిజంగానే ఎవురన్నా వొచ్చి బెల్లు కొడితే, సామీ? అప్పుడూ ఇనపడదు గదా?"

శేషాద్రి నవ్వాడు. ప్రొఫెసర్లు కూడా అంత సూటిగా అడగరని ఇంగ్లీషులో శివరామ్‌తో అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. "అందుకే ఈ శివరామ్ ఉండేది. నూటికో కోటికో ఒకరికి పేగుకి రకతం సరిగా అందక పుండు పడతాది. మోషన్‌లో రకతం కనిపిస్తే ఆ పొద్దే మాత్ర ఆపేయాల. ఆపేస్తే సర్దుకుంటాది. ఆపకపోతే పేగు చచ్చిపోతాది. ఇతను దినమూ చూస్తాడు, భయపడొద్దు."

తర్వాతి పని శివరామ్‌ది. మోషన్ ఎలా ఉందో చూపించే ఏడు బొమ్మల అట్ట ఒకటి ఉంటుంది. ఒకటో బొమ్మ మేకపెంటికల్లాంటిది, ఏడోది ఉత్తి నీళ్లు, నడిమిన ఉన్న నాలుగోది ఆరోగ్యవంతుడిది. పేషెంటు రోజూ అందులో ఒక నంబరు డైరీలో రాయాలి. చెల్లమ్మ ఆ అట్టని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చివరికి అన్నీ ఒకటి మాదిరే ఉన్నాయని తేల్చింది. అక్షరమూ రాదు. అలాంటివాళ్లు ఆరుగురు తేలారు. వాళ్లకి శేషాద్రి ఒక ఉపాయం చెప్పాడు: రోజూ ఫొటో తీసి ట్రయల్ ఫోనుకి పంపాలి, శివరామ్ చూసి నంబరు వేస్తాడు.

శివరామ్ ఆ అట్టని వేలి కొనతో పక్కకి నెట్టాడు. అయినా నియమాలన్నీ చెప్పాడు. "తేదీ కనిపించాల చెల్లమ్మా. పాత ఫొటో పంపితే కంపెనీవోళ్లు ఒప్పుకోరు. నేను చూసినాక ఫోనులోనే సరేనని బొటనవేలు గుర్తు పెడతాను. అది వచ్చినాకే ఆ పొద్దు మాత్ర వేసుకో."

"సరి సారూ. దినం దినం చించే క్యాలెండర్ ఉండాది గదా, ఆ కాయితం పక్కన పెడతాను." సిగ్గుపడుతూ అంది. "నీకే పాపం అసయ్యంగా ఉంటాది. నాకైతే అలవాటే. ముప్పై ఏండ్లు యార్డులో రైలుపెట్టెల కక్కూసులు కడిగినాను. ఒక్క దినం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలా. మనిసన్నాక కడుపుంటాది గదా సారూ."

శివరామ్ సంతకాల కాగితం ఆమె వైపు జరిపి, ఆమె వేలిముద్ర వేసిన స్టాంపుప్యాడ్‌ని టిష్యూతో పట్టుకుని సొరుగులో పడేశాడు.

మొదటి ఫొటో మర్నాడు ఆలస్యంగా, మధ్యాహ్నం వచ్చింది. అతను పెరుగన్నం క్యారియర్ విప్పుకుని ఉన్నాడు. అలవాటుగా నొక్కాడు. పాత ప్లాస్టిక్ తట్ట, అందులో పల్చగా పసుపుపచ్చని రొచ్చు, తేలుతూ టమాటా గింజలు. స్క్రీను నిండా. గింజల మీద వెలుతురు మెరుస్తోంది. అతను వాష్‌బేసిన్ దాకా చేరలేకపోయాడు. ఆ పెరుగన్నం చెత్తబుట్టలోకి పోయింది. పెరుగు తెల్లగా కనిపిస్తే చాలు, రెండు రోజులు గింజలు గుర్తొచ్చాయి. ఒక మనిషి లోపలిది ఇంకో మనిషి అరచేతిలోకి రావడమేమిటని అతనికి ఒళ్లంతా జలదరించింది. ఫోనుని శానిటైజర్‌తో తుడిచాడు, ఫొటో ఏదో బయటికి కారినట్టు.

చదువుకున్నవాడు కదా, మర్నాటి ఫొటో వచ్చేలోపే దారి కనిపెట్టాడు. ఫోనులో ఫొటోలు వాటంతటవే దిగకుండా సెట్టింగు మార్చేశాడు. అప్పుడు ఫొటో వచ్చినా అలికేసినట్టు మసక రంగు మాత్రమే కనిపిస్తుంది. దాని మీద నొక్కితేనే అసలుది తెరుచుకుంటుంది. అతను నొక్కడు. మసకలో పసుపు కనిపిస్తే అయిదు, గోధుమరంగు కనిపిస్తే నాలుగు. ఆ ఆరుగురి చాట్లకీ శబ్దం రాకుండా చేసేశాడు. చెల్లమ్మ పంపే వాయిస్ మెసేజులు కూడా వినడం మానేశాడు, అందులో ఆమె వాసన కూడా వర్ణించేది. పొద్దున్నే బీచ్ స్టేషన్లో ట్రైనెక్కి సీటు తుడుచుకుని కూర్చున్నాక, ఆరు మసకలకి ఆరు బొటనవేళ్లు. కోడంబాక్కం వచ్చేలోపు పని పూర్తి. ఎంత శుభ్రమైన పద్ధతి! తనమీద తనకే ముచ్చటేసింది.

నిజం చెప్పాలంటే లెక్క కూడా బాగానే కుదిరింది. చెల్లమ్మ డైరీలో మొదటి వారం అయిదులు, ఆ తర్వాత వరసగా నాలుగులు. మాత్ర పనిచేస్తున్నట్టే ఉందని శేషాద్రి సంబరపడ్డాడు. మనిషి కూడా తేరుకుంది. నెల చెకప్‌కి వచ్చినప్పుడు పదేళ్ల తర్వాత బస్సెక్కి తిరువొత్తియూరు గుడికి వెళ్లొచ్చానని చెప్పి, ప్రసాదం పొట్లం చేతికిచ్చింది. శివరామ్ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, ఆమె మలుపు తిరిగాక వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు.

అయిదో వారం, బుధవారం పొద్దున, చెల్లమ్మ మసకలో ఎరుపు కనిపించింది.

ఎగ్మోర్ దాటుతోంది ట్రైను. అతను ఒక్క క్షణం ఆగాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎరుపేమిటి? వెంటనే జవాబు తట్టింది. క్యాలెండర్ కాగితం! సెలవురోజు వస్తే తేదీ ఎర్ర సిరాతో అచ్చువేస్తారు కదా. ఈ రాష్ట్రంలో ఏ రోజు ఏ పండగో ఎవరికి తెలుసు. తానున్నది ఆఫీసుకి పోయే ట్రైనులోనేనని, సెలవైతే ఆ జనం ఉండరని తట్టలేదు. నొక్కి చూస్తే తెలిసిపోయేది. నొక్కడానికి వేలు రాలేదు. బొటనవేలు గుర్తు పెట్టి, నాలుగు వేశాడు.

గురువారం మసక ఇంకా ఎర్రగా ఉంది. బొటనవేలు, నాలుగు. శుక్రవారమూ అంతే, కింద ఒక వాయిస్ మెసేజు కూడా. వినలేదు. బొటనవేలు, నాలుగు.

శనివారం ఫొటోనే రాలేదు. ఆదివారమూ రాలేదు. సోమవారం పొద్దున హమ్మయ్య అనుకున్నాడు. నిజంగా ఆ మాటే అనుకున్నాడు, ట్రైను కిటికీ పక్కన కూర్చుని, సుఖంగా. రెండు రోజులకీ నాలుగులు వేసేశాడు.

ఆ రోజే పదింటికి శేషాద్రి పిలిపించాడు. ముఖం వాడిపోయి ఉంది.

"చెల్లమ్మని తెల్లవారుజామున క్యాజువాల్టీకి తెచ్చినారు. పొట్ట బండ మాదిరి ఉండాది. స్కాన్‌లో పెద్దపేగు ఒక ముక్క నల్లబడిపోయింది. సర్జన్ పన్నెండింటికి తీసుకుపోతా ఉండాడు. డైరీ తే."

డైరీ ముందుపెట్టాడు. శేషాద్రి పేజీలు తిప్పాడు. నాలుగులు, నాలుగులు, నాలుగులు.

"ఫొటోలు చూసే వేసినావు గదా?"

"చూసినాను సార్."

"రకతం?"

"లేదు సార్."

ఆ రెండు అబద్ధాలూ ఎంత సులువుగా వచ్చాయంటే, నోరు వేరెవరిదో అనిపించింది. శేషాద్రి కుర్చీలో వెనక్కి వాలి కళ్లజోడు తీశాడు. డాక్టరుకి ఒక విధంగా గుండె తేలికపడింది. "అట్లయితే మాత్రకి సంబంధం ఉండదు. మాత్ర వల్లయితే ముందు రకతం పడుండాల. బయట ఏదో తినుంటాది. కంపెనీకి అట్లే రాస్తాను. మిగతా ముప్పై ఎనిమిది మందికీ మాత్ర ఆపే పని లేదు. ఆమె లేచినాక, పోయిన వారం ఏమేం తినిందో అడిగి రాసుకొని రా."

ముప్పై ఎనిమిది మంది. శివరామ్ ఆ సంఖ్య విన్నాడు. విని, డైరీ మూసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆపరేషన్‌లో అడుగున్నర పేగు తీసేశారు. పొట్ట పక్కన చిల్లు పెట్టి సంచి తగిలించారు. ఆర్నెల్లు ఇక అందులోకే. మంగళవారం మధ్యాహ్నం శివరామ్ వార్డుకి వెళ్లాడు, మాస్కు మీద మాస్కు వేసుకుని, రుమాలులో యూడీకొలోన్ సెంటు చుక్కలు పోసుకుని. అయినా ఆగలేదు. చీము, ఫినాయిలు, వాటన్నిటి కింద నుంచి ఆ వాసన. దుప్పటి పక్కన ఆ సంచి కనిపిస్తోంది, సగం నిండి, ఊపిరికి కదులుతూ. అతను మంచానికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

నర్సు సంచి సర్దుతూ చెల్లమ్మని కేకలేస్తోంది. "రకతం పడతా ఉంటే ఊరికే ఉంటారా పెద్దమ్మా? నోరుండాది గదా, ముందే చెప్పేదానికేం?"

"సారుకి పంపినాను గదమ్మా," అంది చెల్లమ్మ, గొంతు పీలగా. "దినమూ చూసినాడు సారు. ఆయన్నేం అనొద్దు." అప్పుడు అతన్ని చూసి నవ్వబోయింది. "దగ్గరికి రావద్దు సారూ, వాసన కొడతా ఉండాను. ఇంక నీకు ఆ బాధ లేదులే. ఫొటో తీసే పని లేకుండా సంచి పెట్టేసినారు."

నర్సు అతని వైపు తిరిగి చూసి వెళ్లిపోయింది. చెల్లమ్మ మాట్లాడుతూనే ఉంది. "మా ఇంటోళ్లు గూడా అనినారు, ఎర్రగా ఉండాదే, మాత్ర ఆపమని. నేనే ఇనలా. సారు చూసి బొటనేలు పెట్టినాడు, పెద్ద సదువు సదివినోడు, ఆయనకి తెలీదా అని చెప్పినాను. ఒకరి దొడ్డి దినమూ చూసేదంటే మాటలా. కన్నకొడుకు గూడా చూడడు."

ఏం తిన్నావని అడగాల్సిన కాగితం అతని చేతిలో నలిగిపోయింది. అతను ఏదో గొణిగి బయటికి వచ్చేశాడు.

మెట్ల మీద, కిటికీ దగ్గర, ఎవరూ లేని చోట నిలబడి ట్రయల్ ఫోను తీశాడు. మొదటి మసక మీద వేలు పెట్టాడు. తెరుచుకుంది. రెండోది. మూడోది. ముప్పై మూడు ఫొటోలు, ఒకదాని తర్వాత ఒకటి.

అతను చూస్తాననుకున్నది వేరు. చూసింది వేరు. మొదటి రోజు తప్ప ఏ ఫొటోలోనూ నేల మురికిగా లేదు. ఎక్కడో పది ఇళ్లకి ఒకటిగా ఉన్న కక్కూసు. దాని సిమెంటు నేలని ప్రతిరోజూ కడిగి, కొత్త న్యూస్‌పేపరు పరిచి, దానిమీద ఆ తట్ట పెట్టింది. తట్ట అంచులు తుడిచింది. పక్కన తేదీ కాగితం. ఆ కాగితాల మీద పైన దేవుడి బొమ్మ ఉంటుంది కదా, ప్రతి కాగితానికీ ఆ భాగాన్ని కత్తెరతో నీటుగా కత్తిరించేసింది. తేదీ మాత్రం అతనికి సరిగ్గా కనిపించేలా, కెమెరా వైపు తిప్పి పెట్టింది. బయట లైనులో ఎంతమంది తలుపు బాదుతూ తిట్టి ఉంటారో. అతనికి అసహ్యం కలగకూడదని ఒక ముసలామె ముప్పై మూడు రోజులు పడ్డ పాటు అది, మొదటి రోజు తప్ప అతను తెరవనిది.

బుధవారం కాగితం వచ్చింది. తేదీ నల్ల సిరాలో ఉంది. ఎరుపంతా తట్టలోనే ఉంది.

శుక్రవారం వాయిస్ మెసేజు నొక్కాడు. వెనక రైలు కూత, ముందు ఆమె గొంతు. "సారూ, మూడు దినాలుగా రకతమే పడతా ఉండాది. నొప్పి గూడా తాళలేకుండా ఉండాను. నువ్వు బొటనేలు పెడతా ఉండావు గదా, అందుకే మాత్ర ఆపలా. ఒకతూరి మళ్లా చూసి చెప్పు సామీ. నువ్వు చూస్తా ఉండావనే ధైర్యం."

ఇప్పుడు నిజంగా డోకొచ్చింది. మెట్ల పక్కన బకెట్టులోకి కక్కాడు, కడుపులో ఏమీ లేకపోయినా కక్కాడు. అది చెల్లమ్మ తట్టని చూసి వచ్చిన వాంతి కాదు. తన ఇస్త్రీ చొక్కా, తన శానిటైజర్ సీసా, శుభ్రంగా గోళ్లు తీసుకున్న తన బొటనవేలు, వాటిని చూసి వచ్చింది. పుట్టి ఇన్నేళ్లకి ఇంత కంపు ఎప్పుడూ తగల్లేదు అతనికి.

శేషాద్రి గదిలోకి వెళ్లి, ఫోను బల్ల మీద పెట్టాడు. "నేను చూడలేదు సార్. చెల్లమ్మవే కాదు, ఆరుగురివీ చూడలేదు. అసహ్యమేసి తెరవలేదు. నాలుగులన్నీ ఊరికే వేసినాను. మూడు దినాలు రకతం పంపింది. నేను బొటనవేలు పెట్టినాను."

శేషాద్రి బుధవారం ఫొటో చూశాడు. గురువారం. శుక్రవారం. ఆ తర్వాత తలెత్తి శివరామ్‌ని చూశాడు. ఆ చూపు శివరామ్‌కి కొత్త కాదు. ప్రసాదం పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నప్పుడు తన కళ్లలో ఉండే చూపే అది. శేషాద్రి ల్యాండ్‌లైన్ తీసి కంపెనీ సేఫ్టీ నంబరుకి చేసి, మాత్ర అందరికీ ఈ పూటే ఆపాలని చెప్పాడు. నర్సుని పిలిచి, మిగతా ముప్పై ఎనిమిది మందికీ ఫోన్లు చేయమన్నాడు. అప్పటికీ శివరామ్ అక్కడే నిలబడి ఉంటే, "ఆమెకి ఎవురు చెప్తారు? నేనా?" అన్నాడు.

శివరామ్ మళ్లీ వార్డుకి వెళ్లాడు. మాస్కులు రెండూ తీసేశాడు. ఈసారి నాలుగడుగుల దూరంలో ఆగలేదు, మంచం దాకా వెళ్లి, వంగి, జీవితంలో మొదటిసారి పరాయి మనిషి పాదం మీద చెయ్యి పెట్టాడు. పాదం వేడిగా, గరుకుగా ఉంది.

"అమ్మా," అన్నాడు. ఇన్నాళ్లూ పేరు పెట్టి పిలిచినవాడు. "నేను ఒక్క ఫొటో గూడా చూడలేదమ్మా. మొదటిది తప్ప ఒక్కటీ చూడలేదు. అసహ్యమేసింది. చూడకుండానే బొటనవేలు పెట్టినాను."

చెల్లమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మందు మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు. ముందు అతని ముఖంలోకి చూసింది, తర్వాత తన పొట్ట పక్కన సంచిని చూసుకుంది, మళ్లీ అతన్ని చూసింది.

"ఎర్రగా ఉండింది గూడానా?"

"అది గూడా."

తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. రెంటికీ సిద్ధపడి తల వంచుకున్నాడు.

ఆమె తిట్టలేదు. అతని చేతికింద నుంచి పాదం మెల్లగా లాక్కుంది. ముప్పై ఏళ్లు రైలుపెట్టెల కక్కూసులు కడిగి, ఏ ఒక్కరి మురికికీ ముక్కు మూసుకోని ఆ మనిషి, ఒక చేత్తో పొట్ట పట్టుకుని కష్టం మీద అటు తిరిగి, దుప్పటి అంచు లాగి ముక్కుకి అడ్డం పెట్టుకుంది.